ప్రయోగపత్రిక, పత్రికా పాఠశాల: హైదరాబాదు పరిసరాల జర్నలిజం విద్యలో తెలుగు స్థానం

ఉపోద్ఘాతం

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం శాసనసభ నియోజకవర్గంలో అనాజ్‌పూర్ అనే గ్రామం ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీ ఉన్న ఊరుగా దాన్ని అందరూ ఎరుగుదురు. తెలుగులో వార్త రాయడం నేర్పే ఈనాడు జర్నలిజం స్కూలు కూడా అక్కడే ఉందన్న సంగతి చూడవచ్చే యాత్రికులకు పట్టదు. అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు గంట ప్రయాణం చేస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో 1954లోనే జర్నలిజం శాఖ ఏర్పడింది. ఆ శాఖ విద్యార్థులు వెలువరిస్తూ వచ్చిన ప్రయోగపత్రిక పేరు ‘ఉస్మానియా కొరియర్’. అది ప్రధానంగా ఇంగ్లీషు పత్రిక.

ఈ రెండు విషయాలనూ విడివిడిగా చూస్తే వాటిలో విశేషమేమీ కనిపించదు. పక్కపక్కన పెట్టినప్పుడే చిక్కు తెలుస్తుంది. విశ్వవిద్యాలయ విద్యార్థికి తనదైన పత్రిక ఉంది గాని, అది చుట్టూ ఉన్న జనం చదివే భాషలో లేదు. పత్రికా సంస్థ పాఠశాలలో చేరినవాడికి ఆ భాష దొరికింది గాని, నేర్చిన విద్యను అతడు వినియోగించవలసింది యజమాని పత్రికలోనే. పత్రిక ఒకచోట, భాష మరొకచోట స్థిరపడ్డాయి. ఈ విభజన ఎప్పుడు, ఎందువల్ల జరిగిందో, అందులో తెలుగు శాఖల పాత్ర ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ ‘ప్రయోగపత్రిక’ అన్న మాటను జర్నలిజం శాఖలు ల్యాబ్ జర్నల్ అని పిలిచే దానికి వాడుతున్నాను. కళాశాల వార్షిక సంచికలు ఈ వ్యాస పరిధిలోకి రావు. వాటిలో కథలూ కవితలూ ప్రిన్సిపాలుగారి సందేశమూ ఉంటాయి. వార్త మాత్రం ఉండదు. ఒక పని చుట్టూ చేరి, ఆ పని చేస్తూనే ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే బృందాన్ని ‘అభ్యాస సముదాయం’ అంటున్నాను. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి సముదాయాల లక్షణాన్ని వివరించారు. కొత్తగా వచ్చినవాడు పని అంచున నిలబడి చిన్నదే అయినా నిజమైన బాధ్యత ఒకటి తీసుకుంటాడు, క్రమంగా లోపలికి జరుగుతాడు. వారు చూపిన ఉదాహరణల్లో పశ్చిమాఫ్రికా దర్జీలున్నారు, మెక్సికోలోని మంత్రసానులున్నారు. పత్రికా కార్యాలయంలో ప్రూఫులు దిద్దే కుర్రవాడి గురించి వారు రాయలేదు గాని, ఆ వర్ణన అతనికి అతికినంత బాగా మరెవరికీ అతకదు. అయితే ఆ బాధ్యత ‘నిజమైనది’ కావాలన్న షరతును మరువరాదు. తక్కిన చర్చంతా దాని మీదనే ఆధారపడి ఉంది.

వసతిగృహం, దర్బారు

విశ్వవిద్యాలయాలు జర్నలిజం నేర్పకముందు తెలుగు పాత్రికేయులు ఎక్కడ నేర్చుకున్నారు అన్న ప్రశ్నకు ‘పత్రికా కార్యాలయంలో’ అని సమాధానం చెప్పి ఊరుకోవడం పరిపాటి. అది నిజమే గాని అసంపూర్ణం. బందరులో కృష్ణాపత్రిక కార్యాలయం సాయంకాలాలు ‘దర్బారు’గా మారేదని మన సాహిత్య చరిత్రకారులు చెప్పుకుంటూ వచ్చారు. 1902లో ఆరంభమైన ఆ పత్రికకు 1907 నుంచి 1945లో మరణించేవరకు ముట్నూరి కృష్ణారావు సంపాదకులు. దర్బారుకు వచ్చినవారిలో కవులుండేవారు, జాతీయవాదులుండేవారు, ఏ పనీ లేనివారూ ఉండేవారు. అక్కడ జరిగింది పాఠం కాదు, సంభాషణ. ఆ సంభాషణ తరువాతి సంచికలో అచ్చు రూపం ధరించే అవకాశం ఉండడమే దాన్ని ఉబుసుపోక కబుర్ల నుంచి వేరు చేసింది.

మద్రాసులో మరొక ప్రయత్నం జరిగింది. అనీ బీసెంట్ అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయంలో 1920 ప్రాంతంలో జర్నలిజం బోధనను ప్రవేశపెట్టి, విద్యార్థులకు తన ‘న్యూ ఇండియా’ పత్రికలో పని నేర్చుకునే వీలు కల్పించారు. భారతదేశంలో జర్నలిజం విద్యకు ఇదే తొలి అడుగుగా పరిగణిస్తారు. అది ఎక్కువ కాలం సాగలేదు. ఆ నగరంలోనే 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడుతున్నా, ఈ బోధన దాని గడప తొక్కలేదు. విద్యాలయం ఇంగ్లీషు పత్రికతో జతకట్టడం, తెలుగు పత్రిక తన మనుషులను తానే తయారుచేసుకోవడం అన్న పద్ధతికి బీజం ఇక్కడే పడిందనడం అతిశయోక్తి కావచ్చు. కాని పోలిక మాత్రం కళ్లకు కడుతుంది.

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి ఇంతకంటె భిన్నం, మన చర్చకు ఇంతకంటె ముఖ్యం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. తెలుగు శాఖ ఉంది, రాయప్రోలు సుబ్బారావు వంటి కవి ఆచార్యులుగా ఉన్నారు. అయినా చరిత్రనో అర్థశాస్త్రాన్నో తెలుగులో చదివే, రాసే వీలు తరగతిలో లేదు. తెలుగు విద్యార్థి తన కాలపు విషయాలను తన భాషలో చర్చించవలసింది తరగతి వెలుపలనే. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం అటువంటి చోటు. 1918లో రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పూనికతో వెలసిన రెడ్డి వసతిగృహం మరొకటి.

ఆ వసతిగృహ నిర్వహణ బాధ్యత 1920లలో సురవరం ప్రతాపరెడ్డి చేతిలో ఉంది. ఆయనే 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. మొదట వారానికి రెండుసార్లు వెలువడిన ఆ పత్రిక 1947లో దినపత్రిక అయింది. సురవరంవారి పాత్రికేయ కృషి గురించి, సాంఘిక చరిత్ర రచన గురించి మనకు విస్తారమైన వ్యాసాలున్నాయి. విద్యార్థి వసతిగృహ నిర్వాహకుడే పత్రికా సంపాదకుడు కావడమన్న సంగతి మాత్రం జీవిత విశేషాల జాబితాలో ఒక వాక్యంగా మిగిలిపోతోంది. జర్నలిజం విద్యా చరిత్ర దృష్టితో చూస్తే, తెలంగాణలో ఆ విద్యకు తొలి ఆవరణ అదే. పాఠ్యప్రణాళిక లేదు, పట్టా లేదు. గ్రామాల నుంచి వచ్చిన విద్యార్థులకు గ్రంథాలయం ఉంది, పత్రిక ఉంది, ఆ పత్రికకు అక్షరమక్షరం తానే సమకూర్చుకుంటున్న సంపాదకుడు కళ్లెదుట ఉన్నాడు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చేరారు. ఒక పత్రిక పిలిస్తే ఊరూరి నుంచీ రాతప్రతులు వచ్చాయంటే, ఆ పత్రిక అప్పటికే తన చుట్టూ ఒక సముదాయాన్ని కూడగట్టుకుందన్నమాట.

ఈ ఆవరణలో మూడు అంశాలు కలిసి ఉన్నాయి. చదువుకునే యువకుల గుంపు ఒకటి, వారి భాష ఒకటి, బయటి పాఠకులకు జవాబుదారీగా ఉండే పత్రిక ఒకటి. తరువాతి చరిత్రలో ఇవి మళ్లీ ఒకచోట చేరలేదు.

1954: ఓడెల్ తెచ్చిన నమూనా

ఉస్మానియాలో జర్నలిజం శాఖ స్థాపకుడు అమెరికా నుంచి వచ్చిన ఆచార్యుడు డిఫారెస్ట్ ఓడెల్. అంతకు రెండేళ్ల ముందు నాగపూరు హిస్లాప్ కళాశాలలో రోలండ్ వూల్సీ ఇదే పని చేశారు. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో 1941లో, మద్రాసులో 1947లో జర్నలిజం బోధన మొదలైంది. కనుక ఉస్మానియాది మొదటి శాఖ కాదు. కాని స్థాపకుడి విషయంలో దానికొక ప్రత్యేకత ఉంది. ఓడెల్ స్వయంగా జర్నలిజం విద్యకు చరిత్రకారుడు. అమెరికాలో ఆ విద్య ఎట్లా పుట్టి పెరిగిందో వివరిస్తూ 1935లోనే ఆయన ఒక గ్రంథం ప్రకటించారు. తాను నాటుతున్న మొక్క పుట్టుపూర్వోత్తరాలు అంతగా ఎరిగిన తోటమాలి మన దేశంలో ఈ రంగానికి మరొకరు దొరికి ఉండరు.

ఆ పుట్టుపూర్వోత్తరాల్లో ముఖ్యమైన ఘట్టం మిస్సోరి. 1908 సెప్టెంబరు 14న మిస్సోరి విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠశాల తెరుచుకున్న రోజే విద్యార్థులు ‘యూనివర్సిటీ మిస్సోరియన్’ తొలి సంచికను వెలువరించారు. వ్యవస్థాపకుడు వాల్టర్ విలియమ్స్ దాన్ని విశ్వవిద్యాలయ గోడలకు పరిమితమైన కరపత్రంగా ఉంచలేదు. కొలంబియా పట్టణ ప్రజలు కొని చదివే పత్రికగా, ఊళ్లోని ఇతర పత్రికలతో పోటీపడే పత్రికగా నడిపారు. వైద్య విద్యార్థికి బోధనాసుపత్రి ఎటువంటిదో జర్నలిజం విద్యార్థికి ఆ పత్రిక అటువంటిది. రోగి నిజమైనవాడు, వైద్యుడు మాత్రం ఇంకా నేర్చుకుంటున్నవాడు.

ఈ నమూనా హైదరాబాదుకు చేరేసరికి దానిలోని ఒక అంశం జారిపోయింది. కొలంబియా విద్యార్థి రాసే భాష, పట్టణ పాఠకుడు చదివే భాష ఒకటే కావడంతో ఆ నమూనాలో భాష అన్నది ప్రశ్నగా లేదు. 1954 నాటి హైదరాబాదులో ప్రశ్నలన్నిటికంటె పెద్ద ప్రశ్న అదే. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలున్నాయి, నగరంలో ఉర్దూ ఉంది. నాలుగు భాషల విద్యార్థులు కూర్చునే తరగతికి ఒకే పత్రిక ఉండాలంటే ఇంగ్లీషును ఎన్నుకోవడంలో తప్పు పట్టవలసింది లేదు. నేనైనా అదే ఎన్నుకొని ఉండేవాణ్ని. పైగా బోధించవచ్చిన ఆచార్యుడు అమెరికా నుంచి వచ్చినవాడు.

అయితే ఆ కారణం రెండేళ్లే నిలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, మరాఠీ, కన్నడ జిల్లాలు వేరైపోయాయి. 1966లో తెలుగు అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలు తెలుగులో రావడం మొదలైంది. కారణం పోయినా ఆచారం మిగిలింది. ‘ఉస్మానియా కొరియర్’లో శిక్షణ పొందినవారు దేశంలోని ఇంగ్లీషు పత్రికలకు వెళ్లారు, పేరు తెచ్చుకున్నారు. దాని విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వార్తకు మొదటి వాక్యం ఎట్లా ఉండాలి, ఆధారం ఎవరికి ఆపాదించాలి, శీర్షికకు స్థలం ఎట్లా లెక్కించాలి అన్నవి ఏ భాషలో నేర్చినా నేర్చినట్లే. కాని క్రియను వాక్యం చివర పెట్టే భాషలో మొదటి వాక్యం రాయడం వేరే సమస్య. ఎవరు ఏం చేశారన్నది ఇంగ్లీషు వార్తలో మూడో మాటకే తెలిసిపోతుంది, తెలుగులో వాక్యాంతం వరకు ఆగాలి. ముప్పై మాటల తెలుగు వాక్యం పాఠకుణ్ని ఎంతసేపు గాలిలో నిలబెడుతుందో ఇంగ్లీషు ప్రయోగపత్రిక ఎన్నేళ్లు నడిపినా విద్యార్థికి అనుభవంలోకి రాదు.

ఇక్కడే మరో సంగతి చెప్పాలి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని, వ్యవసాయ పదాలతో, ప్రచురించింది. ఆ సంవత్సరమే ఆయన ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చారు. రైతు నోటి మాటను ఊరూరా తిరిగి సేకరించిన పద్ధతికి, విలేఖరి చేయవలసిన పనికి ఎంతో దగ్గర చుట్టరికం ఉంది. ఒకే ఆవరణలో ఒక శాఖ పల్లె మాటల శాస్త్రాన్ని పెంపొందిస్తుంటే, మరో శాఖ పల్లె ఎన్నడూ చదవని భాషలో వార్తాభ్యాసం చేయించింది. మూడోదైన తెలుగు శాఖ ప్రబంధాలనూ ఆధునిక కవిత్వాన్నీ బోధించింది. మనల్ని మనం విమర్శించుకోవడంలో మొహమాటం అక్కరలేదు: వార్తను గద్య ప్రక్రియగా గుర్తించి, దానికి పాఠం చెప్పే బాధ్యతను తెలుగు శాఖలు చాలాకాలం తమదనుకోలేదు.

‘ప్రైవేటు పంపిణీకి మాత్రమే’

ప్రయోగపత్రికల మీద సాధారణంగా కనిపించే వాక్యమిది. దీని వెనుక చట్టం ఉంది. 1867 నాటి పత్రికలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ప్రజా వార్తలు గాని వాటిపై వ్యాఖ్యలు గాని ఉన్న నియతకాలిక ముద్రణ ఏదైనా వార్తాపత్రికే. దానికి ముద్రాపకుడు, ప్రచురణకర్త మేజిస్ట్రేటు ఎదుట వాఙ్మూలం ఇవ్వవలసి ఉండేది, సంచిక సంచికకూ తమ పేర్లు అచ్చువేయవలసి ఉండేది. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చి ఈ విధానాన్ని కొంత సులభం చేసింది గాని నమోదు అవసరం అట్లాగే ఉంది. ఏటేటా మారిపోయే విద్యార్థుల పత్రికకు ఈ బాదరబందీ ఎందుకని శాఖలు ‘ప్రైవేటు పంపిణీ’ అన్న మాటను ఆశ్రయించాయి.

ఈ చిన్న వాక్యానికి రెండు ఫలితాలున్నాయి. మొదటిది చరిత్ర పరిశోధకులకు సంబంధించినది. పుస్తకాలను నిర్ణీత గ్రంథాలయాలకు అందజేయాలన్న చట్టం 1954లో వచ్చింది, 1956 సవరణతో అది వార్తాపత్రికలకూ వర్తించింది. ప్రైవేటు పంపిణీ పత్రిక తనను తాను వార్తాపత్రికల లెక్కలో చేర్చుకోదు కనుక ఆ గ్రంథాలయాలకు చేరే దారి దానికి మూసుకుపోయింది. గోలకొండ పత్రిక పాత సంచికలు పరిశోధకునికి నేటికీ దొరుకుతాయి. నిన్నమొన్నటి ప్రయోగపత్రిక దొరకడం గగనం. ఒక కళాశాలలో ప్రయోగపత్రిక సంచికలు చూపించమని అడిగితే, నాక్ బృందం సందర్శన కోసం బైండు చేయించిన ఒకే ఒక్క ప్రతిని బీరువా నుంచి తీసి, అక్కడే కూర్చుని చూసుకొమ్మన్నారు. పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. బైండింగు అయిన తరువాత దాన్ని తెరిచిన మొదటి మనిషిని నేనే.

రెండో ఫలితం బోధనకు సంబంధించినది, మరింత గట్టిది. ప్రైవేటు పంపిణీ పత్రికకు ఫిర్యాదు చేసే పాఠకుడు లేడు. పేరు తప్పు రాశారని, మా ఊరి చెరువు విస్తీర్ణం అది కాదని నిలదీసేవాడు లేడు. తప్పు దిద్దేవాడు అధ్యాపకుడొక్కడే, అతడు దిద్దేదీ మార్కుల కోసమే. లేవ్, వెంగర్‌ల షరతు ఇక్కడ తప్పిపోతుంది. బాధ్యత చిన్నదైతే ఫరవాలేదు, నటన మాత్రం కారాదు. కొలంబియా పట్టణ పాఠకుడు మిస్సోరి విద్యార్థికి చేసిన ఉపకారం, అతడు పొగడడం వల్ల కాదు, మండిపడడం వల్ల.

మండలం, జిల్లా అనుబంధం, కొత్త బడి

1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు మరుసటి సంవత్సరం హైదరాబాదు ముద్రణను ఆరంభించింది. పూర్వం అత్రాఫ్ బల్దాగా నిజాం సొంత ఖర్చుల కింద ఉండిన నగర పరిసర ప్రాంతం స్వాతంత్ర్యానంతరం హైదరాబాదు జిల్లాలో కలిసింది. ఆ జిల్లా నుంచి 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా విడివడింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. ఈ తేదీల వరుసను గమనించాలి. పరిపాలన కిందికి దిగిన కొద్దీ పత్రిక కూడా దిగింది. మండల కార్యాలయం ఉన్న ప్రతి చోటా ఒక వార్త ఉంటుంది, వార్త ఉన్న ప్రతి చోటా ఒక కంట్రిబ్యూటరు ఉండాలి. రాబిన్ జెఫ్రీ 2000లో భారతీయ భాషాపత్రికల విప్లవం గురించి రాసినప్పుడు ఈనాడు పద్ధతికి ప్రముఖ స్థానం ఇవ్వడానికి కారణం ఇదే.

జిల్లాకొక అనుబంధమంటే రోజూ అన్ని పేజీలు నింపాలి. ఊళ్ల నుంచి వచ్చే రాతను దిద్దే ఉపసంపాదకులు వందల సంఖ్యలో కావాలి. విశ్వవిద్యాలయాలు అందించినవారు ఇంగ్లీషు ప్రయోగపత్రికలో తేలినవారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, తెలుగులో జర్నలిజం బోధనకు చోటిచ్చింది గాని అవసరం అంతకు ఎన్నో రెట్లు. అందుకే పత్రిక తన బడి తానే పెట్టుకుంది. రాతపరీక్ష, ముఖాముఖి, నెలనెలా భృతి, ఏడాది శిక్షణ, ఆపైన ఉద్యోగం. తరువాత ‘సాక్షి’ వంటి దినపత్రికలూ ఇదే దారి పట్టాయి.

ఆ బడికి ప్రధానాచార్యులుగా వచ్చినవారు బూదరాజు రాధాకృష్ణ. శాసనభాష మీద, స్థలనామాల మీద పరిశోధన చేసిన భాషావేత్త, వ్యావహారిక భాషావికాస చరిత్ర రాసినవారు, తెలుగు అకాడమీలో పనిచేసి విరమించినవారు. ‘మాటల వాడుక, వాడుక మాటలు’ వంటి పుస్తకాల్లో ఆయన చేసిన పని ఒక తెలుగు శాఖ చేయవలసిన పని. తెలుగు శాఖల్లో దానికి చోటు లేకపోయింది, పత్రికా సంస్థలో దొరికింది. కుర్రవాళ్ల వాక్యాలను నిర్దాక్షిణ్యంగా దిద్దే గురువుగా ఆయనకు పేరు. తెలుగు వార్తా వాక్యం గత మూడు దశాబ్దాల్లో కుదురుకోవడంలో ఆ బడి పాత్రను కాదనలేం.

పోయినదేమిటంటే, స్వతంత్ర విద్యార్థి పత్రిక అన్న భావనే పోయింది. సంస్థ బడిలో విద్యార్థి మొదటి రోజు నుంచీ రేపటి ఉద్యోగి. సంస్థ శైలీనియమం అతనికి వ్యాకరణం. ఏది వార్త, ఏది కాదు అన్న ప్రశ్నను సహాధ్యాయులతో వాదించి తేల్చుకునే అవకాశం తక్కువ, తేల్చి ఉంచినదాన్ని త్వరగా పట్టుకోవడమే ప్రతిభ. ఇది ఆ సంస్థ తప్పు కాదు. ఏ కర్మాగారమైనా తనకు కావలసిన పనివారినే తయారు చేసుకుంటుంది. విద్యాలయం చేయవలసిన పనిని కర్మాగారానికి వదిలిన తప్పు విద్యాలయానిది.

శిఖం, వికటించడం

ఈ నష్టం ఊహాజనితం కాదని చూపడానికి ఇబ్రహీంపట్నం నుంచే రెండు మాటలు తీసుకుంటాను.

ఆ పట్టణానికి పేరు తెచ్చింది కుతుబ్‌షాహీ కాలపు పెద్దచెరువు. పట్టణం పేరు 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షాను తలపిస్తుంది. నగరం నాగార్జునసాగర్ రహదారి వెంబడి విస్తరించిన కొద్దీ అక్కడ చెరువు వార్త అంటే భూమి వార్త. ఆ వార్తకు కీలకమైన మాట ‘శిఖం’. చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు తేలే నేలను తెలంగాణ రెవెన్యూ దస్తరాలు శిఖం భూమి అంటాయి. పారసీకంలో ‘షికమ్’ అంటే కడుపు. చెరువు కడుపులోని నేల అన్నమాట. తెలుగు రాతలో అది ‘శిఖం’గా మారి, సంస్కృత ‘శిఖ’కు చుట్టమైనట్లు కనిపిస్తుంది; కడుపు కాస్తా కొన అయింది. మండల కంట్రిబ్యూటరుకు ఈ మాట తెలుసు, చెరువు కింది రైతుకూ తెలుసు. రాష్ట్రమంతటికీ ఒకే భాష ఉండాలనుకునే డెస్కుకు చేరేసరికి అది ‘చెరువు భూమి’ అవుతుంది, లేదా ఇంగ్లీషు అక్షరాల ఎఫ్‌టీఎల్ అవుతుంది. శిఖంలో పట్టా ఉండవచ్చా, నీరు లేని ఏడు సాగు చేసే హక్కు ఎవరిది అన్న అసలు తగాదా ఆ మాటతోపాటే మాయమవుతుంది. ఇంగ్లీషు ప్రయోగపత్రికలో ఆ మాట మొదలే రాదు.

రెండో మాట ‘వికటించడం’. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాతి కొద్ది రోజుల్లో వారిలో నలుగురు మరణించారు. ఇటువంటి సందర్భాల్లో మన వార్తాభాషలో సిద్ధంగా ఉండే ప్రయోగం ‘ఆపరేషన్ వికటించి’ అన్నది. వ్యాకరణ దృష్టితో ఈ క్రియను చూడండి. ఇది అకర్మకం. దీనికి కర్త మనిషి కాడు, ఆపరేషనే. పెళ్లి వికటిస్తుంది, ప్రేమ వికటిస్తుంది, మందు వికటిస్తుంది. ఎవరూ ఏదీ చేయకుండానే తనంత తాను చెడిపోయే లక్షణం ఆ మాటలో ఉంది. ఒక్క పూటలో 34 మందికి శస్త్రచికిత్స ఎందుకు చేయవలసి వచ్చింది, పరికరాలను ఒకరికీ మరొకరికీ మధ్య ఎట్లా శుద్ధి చేశారు, ఇంటికి పంపిన తరువాత ఎవరు చూశారు అన్న మూడు ప్రశ్నలకూ ఆ క్రియ తలుపు మూసేస్తుంది. విలేఖరి ఎవరినీ కాపాడాలనుకొని ఆ మాట రాయడు. రాత్రి పదింటికి శీర్షికకు చోటు తక్కువ, మాట చేతికి అందుబాటులో ఉంది, అంతే.

చేతికందిన మాటను ఆపి, అది ఏం దాస్తున్నదో అడగడానికి తీరిక ఉన్న చోటు విద్యాలయం ఒక్కటే. ఉద్యోగంలో ఉన్న ఉపసంపాదకునికి ఆ తీరిక లేదు. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన వ్యాకరణం తెలుగు శాఖ దగ్గర ఉంది, ఆసుపత్రికి వెళ్లి దస్తరం అడిగే పద్ధతి జర్నలిజం శాఖ దగ్గర ఉంది. ఈ రెండింటినీ కలిపే పత్రిక లేదు.

అటువంటి పత్రికకు భారీ వనరులు అక్కరలేదు. నెలకు నాలుగు పేజీలు, తెలుగు ఎం.ఏ. విద్యార్థులూ జర్నలిజం విద్యార్థులూ కలిసి కూర్చునే ఒక గది, మండలంలో పనిచేస్తున్న కంట్రిబ్యూటరు ఒకరిని నెలకొకసారి గురువుగా పిలిచే మర్యాద ఉంటే చాలు. చివరి పేజీలో ఆ నెల వార్తల్లో దొరికిన స్థానిక పదాల పట్టిక వేయవచ్చు. వృత్తిపదకోశం ఆగినచోటు నుంచి ఆ పని సాగుతుంది. నమోదు మాత్రం చట్టప్రకారం చేయించాలి, వెల ఒక్క రూపాయైనా పెట్టాలి, ప్రతులు గ్రంథాలయాలకు పంపాలి. ‘ప్రైవేటు పంపిణీకి మాత్రమే’ అన్న వాక్యం దాని మీద ఉండకూడదు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజు శిబిరానికి వెళ్లి బతికి వచ్చిన 30 మంది మహిళలున్నారు. తొలి సంచికలో తప్పు రాస్తే ఉత్తరం రాయగలవారు, రాయించగలవారు వారే.